ఆఫీసు నెట్‌వర్క్ నుంచి మెయిన్‌ఫ్రేమ్‌కు ఉత్తరం: ఫైల్ ఫార్మాట్లపై విమర్శనాత్మక పరిశీలన

7.0 లక్ష్యాలు

ఈ భాగం చదివిన తరువాత మీరు:
• ఆఫీసు నెట్‌వర్క్‌లకూ మెయిన్‌ఫ్రేమ్‌లకూ మధ్య ఈ-మెయిల్‌ను మోసిన ముఖ్యమైన ఫార్మాట్లను గుర్తించగలుగుతారు.
• ఒక్కొక్క ఫార్మాట్ దేన్ని కాపాడిందో, దేన్ని పోగొట్టిందో వివరించగలుగుతారు.
• ఒక ఫార్మాట్ మంచిచెడ్డలను మీ సొంత బుద్ధితో అంచనా వేయగలుగుతారు.

7.1 పరిచయం

ఈ-మెయిల్ ఒక యంత్రం నుంచి మరో యంత్రానికి ఏ దారిన వెళుతుందో వెనుకటి భాగాలలో తెలుసుకున్నారు. ఈ భాగంలో అది ఏ రూపంలో వెళుతుందో చూద్దాం. రూపం అంటే ఫైల్ ఫార్మాట్. ఫార్మాట్ అన్న మాట వినగానే చాలామంది విద్యార్థులు దాన్ని బట్టీపట్టవలసిన పట్టికగా భావిస్తారు. అది సరికాదు. ప్రతి ఫార్మాట్ వెనుక కొన్ని నమ్మకాలుంటాయి: అవతలి యంత్రం ఎలాంటిదో, అక్కడి మనిషికి ఏం కావాలో ముందే ఊహించుకుని ఎవరో దాన్ని తయారుచేస్తారు. ఆ ఊహ తప్పినప్పుడు ఉత్తరం చెడిపోతుంది. కనుక కవిత్వాన్నో నవలనో విమర్శించినట్టే ఫార్మాట్‌ను కూడా విమర్శించవచ్చు, విమర్శించాలి.

విమర్శకు కొలబద్ద కావాలి. మనం మూడు ప్రశ్నలు పెట్టుకుందాం. ఒకటి: రాసిన అక్షరాలు రాసినట్టే చేరాయా? రెండు: ఎవరు, ఎవరికి, ఎప్పుడు పంపారన్న వివరం ఉత్తరంతోపాటు నిలిచిందా? మూడు: ఏదైనా పోయినప్పుడు, పోయిందన్న సంగతి అందుకున్నవారికి తెలిసిందా? మూడో ప్రశ్నే అన్నిటికంటె ముఖ్యమని నా అభిప్రాయం. చినిగిపోయిన ఉత్తరం అందితే మళ్ళీ పంపమని అడుగుతాం. ఒక వాక్యం మాయమై, మిగతాది చక్కగా కనిపించే ఉత్తరం అందితే దాన్నే నమ్మి పని చేస్తాం. ప్రమాదం అక్కడుంది.

7.2 రెండు లోకాలు

మెయిన్‌ఫ్రేమ్ లోకానికి ఐబీఎం సంస్థ 1964లో ప్రకటించిన సిస్టమ్/360 పునాది. దానితోపాటే ఎబ్‌సిడిక్ అనే అక్షర సంకేతావళి వచ్చింది. అంతకు ఏడాది ముందే, 1963లో, ఆస్కీ అనే మరో సంకేతావళి ప్రమాణంగా వెలువడింది. తరువాత వచ్చిన చిన్న కంప్యూటర్లు, ఆఫీసు నెట్‌వర్క్‌లు ఆస్కీ బాట పట్టాయి. ఆంగ్లంలోని పెద్దక్షరం ‘ఎ’ కు ఆస్కీలో 65 సంఖ్య, ఎబ్‌సిడిక్‌లో 193. ఖాళీకి ఆస్కీలో 32, ఎబ్‌సిడిక్‌లో 64. ఆస్కీలో ‘ఎ’ నుంచి ‘జెడ్’ వరకు సంఖ్యలు వరుసగా సాగుతాయి. ఎబ్‌సిడిక్‌లో ‘ఐ’ 201 అయితే ఆ వెంటనే రావలసిన ‘జె’ 209, మధ్యలో ఖాళీలున్నాయి.

ఇది పట్టిక చూసి మార్చుకుంటే తీరిపోయే ఇబ్బంది కదా అని మీరు అనవచ్చు. అక్షరాలకూ అంకెలకూ అది నిజమే. చిక్కంతా గుర్తుల దగ్గర వచ్చింది. ఎబ్‌సిడిక్ అనేది ఒకటి కాదు, అనేకం. అమెరికాలో వాడిన 037 పట్టికలో ఎడమ, కుడి చదరపు బ్రాకెట్ల సంఖ్యలు 186, 187. అంతర్జాతీయమని పేరు పెట్టిన 500 పట్టికలో అవే బ్రాకెట్లు 74, 90. ఇప్పుడు 500 పట్టికతో రాసిన ఫైలును 037 పట్టికతో చదివితే ఎడమ బ్రాకెట్ సెంట్ గుర్తుగా, కుడి బ్రాకెట్ ఆశ్చర్యార్థకంగా మారుతుంది. ఎక్కడా దోష సందేశం రాదు. మన మూడో ప్రశ్నకు ఇది తొలి ఉదాహరణ.

రెండో తేడా ఇంకా లోతైనది. ఆఫీసు కంప్యూటర్‌కు ఫైలు అంటే బైట్ల వరుస. పంక్తి ఎక్కడ ముగిసిందో చెప్పడానికి ఆ వరుసలోనే ఒక గుర్తు ఉంటుంది. మెయిన్‌ఫ్రేమ్‌కు ఫైలు అంటే రికార్డుల కట్ట. ఆ అలవాటు 1928 నాటి 80 నిలువు వరుసల పంచ్ కార్డు నుంచి వచ్చింది. కార్డులు పోయినా 80 పోలేదు. పంక్తి 80 కంటె పొట్టిదైతే మిగిలిన చోటును ఖాళీలతో నింపుతారు. అలా నింపాక పంక్తి చివర ఉన్న ఖాళీలలో రచయిత పెట్టినవెన్నో, యంత్రం పెట్టినవెన్నో చెప్పలేం.

ఈ రెండు లోకాల మధ్య నిలబడి ఉత్తరాన్ని ఒక రూపం నుంచి మరో రూపానికి మార్చే యంత్రమే గేట్‌వే. ఒకవైపు మెయిన్‌ఫ్రేమ్‌పై నడిచే ఐబీఎం వారి ప్రొఫ్స్ వంటి కార్యాలయ వ్యవస్థ. మరోవైపు సీసీ:మెయిల్, మైక్రోసాఫ్ట్ మెయిల్ వంటి వ్యవస్థలు. వీటిలో తపాలా కార్యాలయమంటే ఫైల్ సర్వర్‌పై అందరూ పంచుకునే ఒక డైరెక్టరీ మాత్రమే. రెంటికీ పొత్తు కుదర్చడం గేట్‌వే పని.

7.3 కార్డు రూపం, నెట్‌డేటా

1981లో న్యూయార్క్ నగర విశ్వవిద్యాలయం, యేల్ విశ్వవిద్యాలయం కలిసి బిట్‌నెట్ అనే నెట్‌వర్క్‌ను ప్రారంభించాయి. ఐబీఎం యంత్రాలు ఒకదానికొకటి పనులు పంపుకునే పద్ధతినే అది వాడుకుంది. కాబట్టి అందులో ఉత్తరం కూడా కార్డుల కట్టలాగే ప్రయాణించింది. కార్డు రూపానికి ఒక సుగుణం ఉంది: అది చాలా సరళం, ప్రతి యంత్రానికీ అర్థమవుతుంది. కాని 80 దాటిన పంక్తి తెగిపోవాలి, లేదా విరగాలి. మామూలు ఉత్తరంలో పంక్తి విరిగితే నష్టం లేదు. లెక్కల పట్టికలో, ప్రోగ్రామ్‌లో విరిగితే అర్థమే మారిపోతుంది.

ఈ లోపాన్ని నెట్‌డేటా ఫార్మాట్ సరిచేసింది. ఇది ప్రతి రికార్డును చిన్న ముక్కలుగా కోసి, ప్రతి ముక్కకు ముందు దాని పొడవును చెప్పే ఒక బైటు, అది రికార్డుకు మొదటి ముక్కో చివరి ముక్కో తెలిపే మరో బైటు పెడుతుంది. మొత్తం కట్టకు ముందు నియంత్రణ రికార్డులుంటాయి. వాటిలో మొదటిది పంపిన యంత్రం పేరు, పంపిన వ్యక్తి గుర్తింపు, చేరవలసిన చోటు, సమయం చెబుతుంది. చివర ముగింపు రికార్డు ఉంటుంది.

దీన్ని మన కొలబద్దతో కొలవండి. ముగింపు రికార్డు రాకపోతే కట్ట అసంపూర్ణమని వెంటనే తెలుస్తుంది. పంపినవారి వివరం విషయంతో కలిసే ఉంటుంది. మూడు ప్రశ్నలలో రెండింటికి నెట్‌డేటా చక్కని జవాబు చెప్పింది. మరి ఎందుకు వ్యాపించలేదు? అది మెయిన్‌ఫ్రేమ్ మరో మెయిన్‌ఫ్రేమ్‌తో మాట్లాడే ఇంటిభాష. దాని నియంత్రణ రికార్డుల పేర్లు సైతం ఎబ్‌సిడిక్‌లోనే ఉంటాయి. దారిలో ఒక గేట్‌వే మంచి ఉద్దేశంతోనే మొత్తం ఫైలును ఆస్కీలోకి మార్చిందనుకోండి, పొడవు చెప్పే బైట్లు కూడా అక్షరాలనుకుని మార్చేస్తుంది. అంతటితో కట్ట విప్పడానికి వీలుండదు. అయినా ఇక్కడ నష్టం బాహాటంగా జరుగుతుంది, ఫైలు తెరుచుకోదు. అందువల్ల నెట్‌డేటాను నేను గౌరవిస్తాను. అది చెడితే చెడినట్టు కనిపిస్తుంది.

7.4 యూయూఎన్‌కోడ్: సులువులో దాగిన లోపం

అక్షరాలు కాని ఫైలును, అంటే బొమ్మనో ప్రోగ్రామ్‌నో, అక్షరాలు మాత్రమే మోసే తపాలాలో పంపడం ఎలా? 1980లో బర్క్‌లీలో పుట్టిన యూయూఎన్‌కోడ్ దీనికి సులువైన ఉపాయం చెప్పింది. మూడు బైట్లంటే 24 బిట్లు. వాటిని ఆరేసి బిట్ల చొప్పున నాలుగు భాగాలు చేసి, ప్రతి భాగానికి 32 కలిపితే ఆస్కీలో అచ్చయ్యే ఒక గుర్తు వస్తుంది. పట్టిక అక్కరలేదు, కూడిక చాలు. యూనిక్స్ యంత్రాల మధ్య ఇది హాయిగా పనిచేసింది.

కాని సున్నాకు 32 కలిపితే ఏం వస్తుంది? ఖాళీ. పంక్తి చివర ఖాళీలకు కార్డుల లోకంలో విలువ లేదని ఇందాకే చెప్పుకున్నాం. గేట్‌వే వాటిని తీసేసేది. పైగా 32 నుంచి 95 వరకు ఉన్న గుర్తులలో చదరపు బ్రాకెట్లు, ఆశ్చర్యార్థకం ఉన్నాయి. ఇవే పట్టిక పట్టికకూ మారేవి. తరువాత ఖాళీకి బదులు మరో గుర్తు వాడిన రకాలు వచ్చాయి; అక్షరాలు, అంకెలు, రెండు గుర్తులు మాత్రమే వాడే ఎక్స్ఎక్స్ఎన్‌కోడ్ కూడా వచ్చింది. రోగం తెలిసింది, మందులు ఎక్కువయ్యాయి. ఏ ఉత్తరానికి ఏ మందు వాడారో చెప్పే చీటీ మాత్రం ఉత్తరం మీద లేదు.

యూయూఎన్‌కోడ్‌ను తప్పుపట్టేటప్పుడు న్యాయంగా ఉండాలి. దాన్ని తయారుచేసినవారు మెయిన్‌ఫ్రేమ్‌కు పంపమని చెప్పలేదు. తన ఊరిలో తిరగడానికి కుట్టించుకున్న చెప్పులతో ముళ్ళదారిలో నడిచి చెప్పులను తిట్టడం ధర్మం కాదు. అయితే ఫార్మాట్‌కు ఒక లక్షణం ఉంది: ఒకసారి బయటికి వచ్చాక అది తయారుచేసినవారు ఊహించని చోట్లకు వెళ్ళి తీరుతుంది. ఈ సంగతి తరువాతి తరం గుర్తుపెట్టుకుంది.

7.5 డీసీఏ, ఎక్స్.400: పెద్దల పథకాలు

ఐబీఎం తన కార్యాలయ వ్యవస్థల కోసం డాక్యుమెంట్ కంటెంట్ ఆర్కిటెక్చర్, పొట్టిగా డీసీఏ, అనే రూపాన్ని నిర్దేశించింది. అందులో రెండు రకాలున్నాయి. అందుకున్నవారు దిద్దుకోగల రూపం ఒకటి, అచ్చుకు సిద్ధమైన తుది రూపం మరొకటి. పత్రం పంపేవారి ఉద్దేశాన్ని ఫార్మాట్‌లోనే చెప్పడం నిజంగా మంచి ఆలోచన. ఇది దిద్దడానికి పంపానా, చదవడానికి పంపానా అన్న తేడా నేటి చాలా అటాచ్‌మెంట్లలో ఫైలును చూసి మనం ఊహించుకోవలసిందే. కాని ఆ పత్రాలను మోసే స్నాడ్స్ వ్యవస్థలో చిరునామాకు రెండు భాగాలు, ఒక్కొక్కటి ఎనిమిది అక్షరాలకు మించకూడదు. ఆఫీసు నెట్‌వర్క్‌లోని పొడుగాటి పేర్లను ఈ చిన్న పెట్టెల్లో ఇమడ్చడానికి గేట్‌వేలో పేర్ల పట్టికలు నిర్వహించవలసి వచ్చింది. పట్టికలో పేరు లేనివాడికి ఉత్తరం లేదు.

1984లో అంతర్జాతీయ టెలిఫోన్, టెలిగ్రాఫ్ సంప్రదింపుల సంఘం సీసీఐటీటీ ప్రకటించిన ఎక్స్.400 ఇంతకంటె పెద్ద ఎత్తున ఆలోచించింది. ఉత్తరం చేరిందని, చేరలేదని తెలిపే సమాచారాన్ని ఫార్మాట్‌లోనే భాగం చేసింది. మన మూడో ప్రశ్నకు సూటిగా జవాబు చెప్పిన ప్రమాణం ఇదే. కాని దాని చిరునామాలో దేశం, ప్రజా తపాలా నిర్వహణ సంస్థ, ప్రైవేటు నిర్వహణ సంస్థ, కార్యాలయం, ఇంటిపేరు అంటూ విభాగాలుంటాయి. ప్రతి ఉత్తరమూ దేశంలోని టెలిఫోన్ శాఖ గుమ్మం తొక్కి వెళుతుందన్న ఊహ అందులో కనిపిస్తుంది. నలుగురికి ఒక కబురు పంపాలనుకున్న చిన్న ఆఫీసుకు ఇది గోటితో పోయేదానికి గొడ్డలి అయింది. అయినా దాన్ని పనికిరానిదని కొట్టివేయకండి. విమానయాన సందేశాల వ్యవస్థ ఈనాటికీ ఎక్స్.400 పునాది మీదే నడుస్తోంది. ఉత్తరం చేరిందో లేదో కచ్చితంగా తెలియవలసిన చోట దాని బరువుకు అర్థం ఉంది.

7.6 మైమ్: వినయం, దాని పరిమితి

1982లో వెలువడిన ఆర్ఎఫ్‌సీ 822 ఇంటర్నెట్ ఉత్తరానికి చాలా తేలికైన రూపం ఇచ్చింది: పైన హెడర్ పంక్తులు, తరువాత ఒక ఖాళీ పంక్తి, ఆపైన విషయం. ఉత్తరం ఏ యంత్రం చేతులు మారితే ఆ యంత్రం పైన తన ముద్ర వేస్తుంది. కాని విషయం ఏడు బిట్ల ఆస్కీ అక్షరాలే కావాలి. ఈ పరిమితిని దాటడానికి నథానియల్ బోరెన్‌స్టైన్, నెడ్ ఫ్రీడ్ 1992లో మైమ్ ప్రమాణాన్ని రూపొందించారు.

మైమ్‌లోని బేస్64 కూడా యూయూఎన్‌కోడ్ లాగే మూడు బైట్లను నాలుగు గుర్తులుగా మారుస్తుంది. తేడా గుర్తుల ఎంపికలో ఉంది. పెద్దక్షరాలు 26, చిన్నక్షరాలు 26, అంకెలు 10, కూడిక గుర్తు, ఏటవాలు గీత: మొత్తం 64. చివరి మూడు బైట్ల గుంపు నిండనప్పుడు చివర సమాన గుర్తు. ఇవన్నీ ఎబ్‌సిడిక్ రకాలన్నిటిలోనూ చెడకుండా నిలిచేవి కాబట్టే ఎంచుకున్నామని ప్రమాణ పత్రమే చెబుతుంది. పంక్తి పొడవు 76కు మించదు. 80 లోపల సుఖంగా ఇముడుతుంది. తమ యంత్రాల మీద లేని ఇబ్బందిని, ఎక్కడో ఉన్న పాత మెయిన్‌ఫ్రేమ్ ఇబ్బందిని, తమదిగా తీసుకోవడం ఈ రూపకల్పనలోని వినయం. దానికి ధర కూడా ఎక్కువ కాలేదు. లెక్క చూడండి: పంక్తి చివరి రెండు గుర్తులతో కలిపి యూయూఎన్‌కోడ్‌లో 45 బైట్లు 63 అవుతాయి, అంటే 40 శాతం పెరుగుదల. బేస్64లో 57 బైట్లు 78 అవుతాయి, అంటే సుమారు 37 శాతం.

మైమ్ చేసిన మరో మంచి పని చీటీ అతికించడం. ఈ భాగం ఏ రకానిది, ఏ అక్షర సంకేతావళిలో ఉంది, ఏ పద్ధతిలో మార్చాం అన్నవి ప్రతి భాగం మీదా రాసి ఉంటాయి. కాని చీటీ ఒక ప్రకటన మాత్రమే, రుజువు కాదు. లోపలి అక్షరాలను మార్చి చీటీని మార్చడం మరచిన గేట్‌వే ఉత్తరానికి అబద్ధపు చిరునామా అంటిస్తుంది. విషయం మారలేదని సరిచూసే కంటెంట్-ఎండీ5 అనే హెడర్ 1995 నాటి ఆర్ఎఫ్‌సీ 1864లో ఉంది, కాని అది ఐచ్ఛికం. ఐచ్ఛికమైన జాగ్రత్తను ఎంతమంది పాటిస్తారో మీరే ఊహించండి. మైమ్‌పై నా ప్రధానమైన అభ్యంతరం ఇదే: అది నష్టం జరగకుండా చూసింది, జరిగితే చెప్పే బాధ్యతను మాత్రం ఎవరిష్టానికి వారికి వదిలేసింది.

మైమ్ సంచిలోనే సొంత మూట పెట్టి పంపే ధోరణి కూడా వచ్చింది. మైక్రోసాఫ్ట్ వారి టీఎన్ఈఎఫ్ ఇందుకు ఉదాహరణ. పైకి అది మర్యాదగల మైమ్ భాగమే. లోపలున్నది మాత్రం ఆ సంస్థ సాఫ్ట్‌వేర్‌కు తెలిసిన అమరిక. అలాంటి సాఫ్ట్‌వేర్ లేనివారికి విన్‌మెయిల్.డాట్ అనే అర్థంకాని అటాచ్‌మెంట్ మిగులుతుంది. అందరి బండిలో ఎక్కి తమవారితో మాత్రమే మాట్లాడడం ఫార్మాట్ల లోకంలో మర్యాద కాదు.

7.7 రూపం పోతే సాక్ష్యం పోతుంది

ఇదంతా సాంకేతికుల గొడవ, మనకెందుకు అనిపించవచ్చు. అందుకే ఒక చారిత్రక ఘటన చూద్దాం. 1980లలో అమెరికా అధ్యక్ష కార్యాలయంలో ప్రొఫ్స్ వాడుకలో ఉండేది. ఇరాన్-కాంట్రా వ్యవహారం బయటపడిన 1986 నవంబరులో ఆలివర్ నార్త్, జాన్ పాయిండెక్స్‌టర్ తమ ప్రొఫ్స్ సందేశాలను చెరిపివేశారు. కాని బ్యాకప్ టేపుల మీద ప్రతులు మిగిలాయి. 1987లో టవర్ కమిషన్ వాటిని ఉపయోగించుకుంది.

ఆ తరువాతి ఘట్టం మన పాఠానికి ఇంకా దగ్గరిది. 1989లో ప్రభుత్వం మారుతున్నప్పుడు ఆ సందేశాలను చెరిపివేయకుండా ఆపాలని కొందరు కోర్టుకు వెళ్ళారు. ముఖ్యమైనవి కాగితం మీద అచ్చు తీసుకుంటే చాలుకదా అన్నది ప్రభుత్వ వాదన. 1993లో వాషింగ్టన్‌లోని అప్పీళ్ళ న్యాయస్థానం దాన్ని ఒప్పుకోలేదు. ఎవరు పంపారు, ఎవరెవరికి చేరింది, ఎప్పుడు చేరింది అన్న వివరాలు అచ్చు ప్రతిలో రాకపోవచ్చు. అవి లేని కాగితం అసలు సందేశానికి పూర్తి ప్రతి కాదని తేల్చింది.

ఆలోచించండి. కాగితం కూడా ఒక ఫార్మాటే. ప్రొఫ్స్ నుంచి కాగితానికి మార్చడమూ ఒక గేట్‌వే పనే. మాటలన్నీ ఒక్కటీ పోకుండా చేరాయి, అయినా ఉత్తరం పోయింది. మన రెండో ప్రశ్న ఎందుకు పెట్టుకున్నామో ఇప్పుడు మీకు అర్థమై ఉంటుంది. ఒక నిర్ణయం ఎవరికి ముందే తెలుసు అన్నది తేలవలసినప్పుడు ఉత్తరంలోని మాటల కంటె హెడర్‌లోని పంక్తులకే విలువ ఎక్కువ.

7.8 తెలుగు ఉత్తరం సంగతి

ఇప్పుడు మన భాష విషయం. 1991లో భారతీయ ప్రమాణాల సంస్థ ఐఎస్ 13194 పేరుతో ఇస్కీ సంకేతావళిని ప్రకటించింది. అది ఎనిమిది బిట్లది. కింది సగం ఆస్కీ, పై సగం భారతీయ లిపులు. ఏడు బిట్లు మాత్రమే మోసే దారిలో ఎనిమిదో బిట్టు రాలిపోతే మన అక్షరాలు ఆంగ్ల అక్షరాలుగా, గుర్తులుగా కనిపిస్తాయి. అందుకే అమెరికాలోని తెలుగువారు తొలినాళ్ళలో ఆర్‌టీఎస్ అనే లిప్యంతరీకరణతో, రోమన్ అక్షరాలలో తెలుగు రాసుకున్నారు. అందులో చిన్నక్షరం, పెద్దక్షరం వేర్వేరు ధ్వనులకు వాడతారు. ‘ల’ కు చిన్నక్షరం, ‘ళ’ కు పెద్దక్షరం. అన్నిటినీ పెద్దక్షరాలుగా మార్చే యంత్రం ఒక్కటి దారిలో తగిలితే చాలు, కలకూ కళకూ తేడా పోతుంది. ఆంగ్లం రాసేవారికి కనిపించని నష్టం మనకు అర్థనష్టం.

నేటి యూనికోడ్‌లోనూ లెక్క చూడండి. ‘తెలుగు’ అన్న మాటలో ఆరు సంకేతాలున్నాయి. యూటీఎఫ్-8లో ఒక్కొక్కదానికి మూడు బైట్లు, మొత్తం 18. బేస్64లో పంపితే 24 గుర్తులు అవుతాయి. మైమ్‌లోని మరో పద్ధతి క్వోటెడ్-ప్రింటబుల్‌లో ప్రతి బైటూ మూడు గుర్తులుగా మారుతుంది కాబట్టి 54 అవుతాయి. ఆంగ్లాన్ని దాదాపు ఉన్నది ఉన్నట్టు చదవనిచ్చే పద్ధతి తెలుగును మూడింతలు చేసి, చదవడానికి వీల్లేకుండా చేస్తుంది. ఏ పద్ధతి మంచిదన్న ప్రశ్నకు ‘ఎవరి భాషకు?’ అన్న ఎదురుప్రశ్న వేయకుండా జవాబు చెప్పకండి.

7.9 సారాంశం

కార్డు రూపం సరళం, కాని పొడవును పోగొట్టింది. నెట్‌డేటా నిజాయితీగలది, కాని ఇంటి గడప దాటలేదు. యూయూఎన్‌కోడ్ సులువైనది, కాని ఖాళీలను నమ్మి చెడింది. ఎక్స్.400 బాధ్యతగలది, కాని బరువైనది. మైమ్ వినయంగలది, అందుకే నిలిచింది. అయినా తనలో జరిగిన మార్పును తానే చెప్పదు. వీటిలో మైమ్‌కే నేను పెద్దపీట వేస్తాను. అవతలివాడి యంత్రం తనకంటె పాతది కావచ్చునన్న ఎరుకతో పుట్టిన ఫార్మాట్ అది ఒక్కటే. కాని మీరు ఏ కార్యాలయంలో పనిచేసినా, పాత ఉత్తరాలను కొత్త వ్యవస్థలోకి మార్చే రోజు వచ్చినప్పుడు, మాటలు వచ్చాయా అని మాత్రమే చూసి సంతకం పెట్టకండి. హెడర్లు వచ్చాయా, పోయినవాటి జాబితా ఉందా అని అడగండి. ఆ జాబితా లేని మార్పిడి పూర్తయినట్టు కాదు.

7.10 మీ ప్రగతిని సరిచూసుకోండి

1. పంక్తి చివరి ఖాళీలు యూయూఎన్‌కోడ్‌కు ఎందుకు ప్రాణాంతకమయ్యాయి? ఐదు పంక్తులలో రాయండి.
2. బేస్64లోని 64 గుర్తుల ఎంపికకు కారణాలు వివరించండి.
3. ‘మాటలన్నీ చేరినా ఉత్తరం పోవచ్చు.’ ప్రొఫ్స్ ఉదాహరణతో చర్చించండి.
4. మీకు వచ్చిన ఒక తెలుగు ఈ-మెయిల్ పూర్తి హెడర్లను తెరిచి చూడండి. అందులో ఏ సంకేతావళి, ఏ మార్పిడి పద్ధతి వాడారో గుర్తించి, ఆ ఎంపిక సరైనదో కాదో మీ అభిప్రాయం రాయండి.